నాయనమ్మ ఎటు చూస్తోంది?

మా ఊళ్లో, హాల్లో గుమ్మం పైన నాయనమ్మ ఫొటో ఉంది. పూలదండ, కింద చిన్న ఎర్ర బల్బు, అంతా పద్ధతిగానే ఉంది. ఒక్కటే తేడా. తాతయ్య ఆ ఫొటో వైపు చూడడు.

మొదట్లో మేమెవరం గమనించలేదు. 2023లో నాయనమ్మ పోయింది. పెద్దకర్మ నాటికి ఫొటో కావాలి కదా అని నాన్న తన ఫోన్‌లో ఉన్నదేదో స్టూడియోకి పంపాడు. రెండు గంటల్లో ఫ్రేముతో సహా చేతికొచ్చింది. వెనకాల నీలం ఆకాశం. మెడలో నాయనమ్మ ఏనాడూ వేసుకోని నెక్లెస్. చామనఛాయ మనిషి కాస్తా పాలరంగుకొచ్చేసింది. ముడతల్లేవు. పెదాల మీద కొత్త నవ్వు. కళ్లు సూటిగా మన వైపే. మేము ఇలా చేయమనలేదు, వాళ్లు చేయమంటారా అని అడగలేదు.

వచ్చినవాళ్లంతా "లక్ష్మీదేవిలా ఉంది" అన్నారు. నేను కూడా అదే ఫొటో వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నా.

ఆరు నెలల తర్వాత సెలవుకి వెళ్లినప్పుడు చూశా. తాతయ్య కుర్చీ గోడకి వీపు పెట్టి ఉంది. ఏంటి తాతయ్యా, ఇటు తిప్పావు అని అడిగా.

"ఆవిడెవరో గానీ మీ నాయనమ్మ కాదురా. అందర్నీ చూస్తది. మీ నాయనమ్మ అట్టా చూసేది కాదు" అన్నాడు.

సంవత్సరీకానికి ఇంకా చాలా నెలలుంది. అప్పటికి నేనే బొమ్మ గీసిస్తానని చెప్పా. ఇంజినీరింగ్ ఫస్టియర్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ తర్వాత నేను పెన్సిల్ పట్టింది లేదు. డ్రాఫ్టర్‌ని కూడా జూనియర్‌కి సగం రేటుకి అమ్మేశా.

యాప్ ఎందుకు తప్పింది?

సాఫ్ట్‌వేర్ వాడిని కదా, ముందు అడ్డదారే వెతికా. ఫొటోని బాగుచేసే యాప్‌లు మూడు ప్రయత్నించా. ఒక్కోటి పది సెకన్లలో బొమ్మ ఇచ్చేసింది. మూడింట్లోనూ ముగ్గురు ఆడవాళ్లు కనపడ్డారు. ఒక్కరూ మా నాయనమ్మ కాదు.

కారణం ఆలోచిస్తే మామూలుదే. ఆ ఫొటో నేనే తీశా, 2019 సంక్రాంతికి. క్యాంపస్ ప్లేస్‌మెంట్ వచ్చిందన్న ఊపులో కొన్న కొత్త ఫోన్. నాయనమ్మ అరుగు మీద పీట వేసుకుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే పోర్ట్రెయిట్ మోడ్ ఎలా ఉంటుందో చూద్దామని ఒక్కటి నొక్కా. తర్వాత ఆ ఫోన్ పోయింది. మిగిలింది ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టిన కాపీ. వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే సైజు తగ్గించి పంపుతుంది. ముఖం వరకు కత్తిరిస్తే అడ్డంగా మూడొందల పిక్సెళ్లు కూడా లేవు.

ఫొటోలో లేని వివరాన్ని యాప్ ఎక్కడి నుంచి తెస్తుంది? అది నేర్చుకున్న లక్షల ముఖాల్లోంచే తెస్తుంది. అంటే ముక్కు దగ్గర సమాచారం తక్కువైతే అక్కడ సాధారణంగా ముక్కు ఎలా ఉంటుందో అది పెడుతుంది. మసగ్గా ఉన్న ముడతని మచ్చ అనుకుని తుడిచేస్తుంది. పక్కకి చూసే కళ్లని చాలాసార్లు సూటిగా తిప్పేస్తుంది. ఫలితంగా వచ్చే ముఖం అందంగానే ఉంటుంది. కానీ అది ఎవరిదీ కాదు.

చేయి కాదు, కన్ను

మొదటి బొమ్మ ఓ ఆదివారం కూర్చుని గీశా. నాలుగు గంటలు పట్టింది. రూమ్మేట్ చూసి "ఎవర్రా ఈ పెద్దాయన?" అన్నాడు.

నాకు చేయి తిరగదనే అనుకున్నా. తర్వాత అర్థమైంది, తప్పు చేయిది కాదు. కన్ను అంటే ఇలా ఉంటుంది, ముక్కు అంటే ఇలా ఉంటుంది అని చిన్నప్పటి నుంచి మన బుర్రలో గుర్తులున్నాయి. కన్ను అనగానే బాదంకాయ ఆకారం, మధ్యలో గుండ్రం. ఎదురుగా ఫొటో పెట్టుకున్నా మనం ఆ గుర్తునే గీసేస్తాం.

ఇంకో తప్పు కూడా చేశా. కళ్లని చాలా పైకి పెట్టేశా. తల మాడు నుంచి గడ్డం కొస వరకు కొలిస్తే కళ్లు దాదాపు సరిగ్గా సగంలో ఉంటాయి. నమ్మకపోతే ఇప్పుడే అద్దంలో చూసుకోండి. మనం కళ్లు, ముక్కు, నోరే చూస్తాం కాబట్టి నుదురూ జుట్టూ లెక్కలోకి రావు. అందుకే కొత్తగా గీసేవాళ్ల బొమ్మల్లో సగం తల మాయమైపోతుంది. ముఖం వెడల్పు సుమారు అయిదు కళ్లంత. రెండు కళ్ల మధ్య దూరం ఇంచుమించు ఒక కన్నంత. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలతలు. ఏ మనిషి ముఖమైనా వీటికి ఎక్కడ తేడాగా ఉంటుందో అక్కడే ఆ మనిషి ఉంటాడు.

రెండో బొమ్మకి ఫొటోని తలకిందులుగా పెట్టుకుని గీశా. ఇది నా తెలివి కాదు. బొమ్మలు గీయడం నేర్పే బెట్టీ ఎడ్వర్డ్స్ 1979లో రాసిన పుస్తకంతో ఈ పద్ధతి బాగా ప్రచారంలోకి వచ్చింది. తలకిందులైన ముఖాన్ని మన మెదడు ముఖంలా సరిగ్గా చదవలేదు. 1980లో పీటర్ థాంప్సన్ అనే సైకాలజిస్టు అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ ఫొటోలో కళ్లూ నోరూ మాత్రం తిప్పి అతికించాడు. ఆ ఫొటోని తలకిందులుగా చూస్తే పెద్ద తేడా తెలీదు. నిలబెట్టి చూస్తే భయం వేస్తుంది. ఇదే బలహీనత గీసేటప్పుడు మనకి పనికొస్తుంది. 'కన్ను' అనే పేరు పోయి, వంపులూ నీడలే మిగులుతాయి.

ఈసారి రూమ్మేట్ "పెద్దావిడే" అన్నాడు. కొంచెం ముందుకెళ్లినట్టే.

150 గళ్లు

మూడోసారి గళ్ల పద్ధతి పట్టుకున్నా. ఇది చాలా పాతది. ప్రాచీన ఈజిప్టులో గోడ మీద బొమ్మలకి గళ్లు కొట్టుకునేవారు. 1435లో ఇటలీలో ఆల్బెర్టీ, మనిషికీ చిత్రకారుడికీ మధ్య గళ్లు అల్లిన పల్చటి తెర కట్టి, ఆ గళ్లలోంచి చూస్తూ గీయమని రాశాడు. మన ఊళ్లలో గోడల మీద సినిమా హీరోలని, నాయకులని వేసే ఆర్టిస్టులు కూడా చిన్న ఫొటోని పెద్ద గోడకి ఎక్కించింది ఈ లెక్కతోనే.

నేను ఫొటోని 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తులో ప్రింట్ తీశా. దాని మీద ఒక్కో సెంటీమీటరుకి ఒక గీత. ఏ3 కాగితం మీద 20కి 30 సెంటీమీటర్ల చట్రం, రెండేసి సెంటీమీటర్లకి ఒక గీత. అటు 150 గళ్లు, ఇటు 150 గళ్లు. ఎక్సెల్ షీట్‌లా పైన ఏ నుంచి జె వరకు అక్షరాలు, పక్కన 1 నుంచి 15 అంకెలు వేశా. ఒక్కో గడిలో గీత ఎక్కడ మొదలై ఎక్కడ బయటికి పోతోందో చూసి దించడమే పని.

ఆఫీసు నుంచి వచ్చాక రోజుకి ఏడెనిమిది గళ్లు. గీతల వరకే ఇరవై మూడు రోజులు పట్టింది.

అప్పుడు ఒక సంగతి బయటపడింది. నాకు మా నాయనమ్మ ముఖం తెలీదు. ఇరవై అయిదేళ్లకి పైగా చూసిన ముఖమే. కానీ ఎడమ కనుబొమ్మ కుడిదానికంటే కాస్త పైకి ఉంటుందని తెలీదు. గడ్డం మధ్యలో కాకుండా కొద్దిగా పక్కకి నొక్కుకుపోయి ఉంటుందని తెలీదు. సెలవులకి వెళ్లినప్పుడల్లా ఆవిడ నా ఎదురుగానే కూర్చునేది. నేను ఫోన్ చూస్తూ ఊఁ కొట్టేవాణ్ని. ఈ ఒక్క ఫొటో కూడా ఆవిడ కోసం తీసింది కాదు, ఫోన్ కోసం తీసింది.

జె-11

చివరి వరసలో గళ్లు పెద్దగా ఏమీ లేనివి. మసక బ్యాక్‌గ్రౌండ్. వదిలేద్దామనుకున్నా. కానీ 150లో పది వదిలేస్తే ఆ వెలితి కొడుతుందని గీస్తూ పోయా. జె-11 గడిలో తెల్లటి ముద్ద ఒకటి ఉంది. జె-12లో అదే కిందికి దిగింది. గోడ అనుకున్నా. గోడకి మడతలుండవు కదా?

ఫోన్‌లో జూమ్ చేశా. అది పంచె. పంచె కట్టుకున్న మోకాలు.

రాత్రి తొమ్మిదిన్నరకి తాతయ్యకి వీడియో కాల్ చేశా. "2019 సంక్రాంతికి అరుగు మీద నాయనమ్మ చిక్కుడుకాయలు తుంచుతుంటే నువ్వు పక్కన కుర్చీలో ఉన్నావా?"

"నేను కాక ఇంకెవరుంటారు?"

"అప్పుడు నాయనమ్మ ఎటు చూస్తోంది?"

తాతయ్య ఫోన్‌ని ముఖానికి మరీ దగ్గరగా పెట్టుకున్నాడు. నాకు నుదురు మాత్రమే కనిపిస్తోంది. "నన్నే. బీపీ బిళ్ల వేసుకున్నావా అని అడుగుతా ఉంది. వేసుకోలేదు నేను. వేసుకున్నానని చెప్పా. ఆవిడకి తెలుసు" అన్నాడు.

అప్పుడు ఆ ముఖంలోని తేడాలన్నీ కలిశాయి. పైకి లేచిన ఎడమ కనుబొమ్మ. కొద్దిగా బిగించిన పెదాలు. పీట మీద కూర్చుని, పక్కన కుర్చీలో ఉన్న మనిషిని కింది నుంచి పైకి చూస్తున్న కళ్లు. స్టూడియోలో ఆ మోకాలిని కత్తిరించి, కళ్లని మన వైపు తిప్పి, పెదాల మీద నవ్వు పెట్టారు. తాతయ్య అబద్ధాన్ని పట్టేసిన చూపు పోయింది.

నా బొమ్మలోనూ అది లేదు. నల్లగుడ్డు రెండు రెప్పల మధ్య బుద్ధిగా నడిమధ్యన ఉంది. కాగితం మీద కన్ను వెడల్పు ఒకటిన్నర సెంటీమీటర్లు, నల్లగుడ్డు అర సెంటీమీటరు. దాన్ని కుడివైపుకి, కొంచెం పైకి జరపాలి. ఎంత? అర మిల్లీమీటరు జరిపితే ఏదో ఆలోచిస్తున్నట్టుంది. మిల్లీమీటరు జరిపితే తప్పించుకుని చూస్తున్నట్టుంది. పైరెప్ప కింద నల్లగుడ్డు ఎంత దాగాలి, కింద తెల్లగుడ్డు ఎంత కనపడాలి, అంతా అందులోనే ఉంది. నాలుగు రోజులు చెరిపా, గీశా. కాగితం అక్కడ నూగు లేచిపోయింది. చివరికి నల్లగుడ్డులో పడిన వెలుతురు చుక్కని ఫొటోలో ఉన్నచోటే, పై అంచున, కాగితం తెలుపుగా వదిలేశాక చూపు కుదిరింది.

చెవిలో వేపపుల్ల

గీతలు పూర్తయ్యాక ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టా. పది నిమిషాల్లో అత్తయ్య ఫోన్. "అమ్మ చెవిలో ఆ పుల్లేంట్రా? తీసేసి దుద్దులు పెట్టు. గోడకి పెట్టే బొమ్మ అది, నలుగురూ చూస్తారు."

ఫొటోలో నిజంగానే దుద్దులు లేవు. చెవి రంధ్రం మూసుకుపోకుండా చిన్న వేపపుల్ల ఉంది. ఎందుకో నాకప్పటి వరకు తెలీదు. అమ్మ చెప్పింది. మాది దుగ్గిరాల దగ్గర పల్లె, పసుపు పండిస్తాం. దుంప పెట్టే ముందు పెట్టుబడికి ఆ దుద్దులు బ్యాంకులో తాకట్టుకి వెళ్లేవి. పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, అమ్మాక తిరిగొచ్చేవి. సంక్రాంతి నాటికి పంట ఇంకా చేలోనే ఉంటుంది. ఏటా పండక్కి నాయనమ్మ చెవుల్లో పుల్లలే. ఇప్పుడా దుద్దులు అత్తయ్య దగ్గరున్నాయి.

అత్తయ్య బాధ నాకు అర్థమైంది. వాళ్లమ్మ లేమిని బొమ్మ కట్టి చూపిస్తున్నానని ఆవిడకి అనిపించింది. మరి దుద్దులు పెట్టేస్తే స్టూడియో నెక్లెస్‌కీ నాకూ తేడా ఏంటి? రెండు రోజులు గ్రూప్‌లో ఎవరూ గుడ్ మార్నింగ్ కూడా పెట్టలేదు.

చివరికి తాతయ్యనే అడిగా. చాలాసేపు మాట్లాడలేదు. "ఉండనీరా. ఆ పుల్ల నేనే విరిచిచ్చేవాణ్ని" అన్నాడు.

అత్తయ్య ఒప్పుకుందని చెప్పను. ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

నలుపంటే నలుపు కాదు

నీడలు వేయడం ఇంకో రెండు వారాలు. చామనఛాయ ముఖం గీసేటప్పుడు అందరం రెండు తప్పులు చేస్తాం. భయపడి తెల్లగా వదిలేస్తాం, లేదంటే ముఖమంతా ఒకేలా నల్లగా రుద్దేస్తాం. నిజానికి చూడాల్సింది రంగు కాదు, ఒక చోటికీ పక్క చోటికీ వెలుతురులో తేడా. కళ్లు సగం మూసి ఫొటోని చూడండి. వివరాలు పోయి నాలుగైదు మచ్చలు మిగులుతాయి: బాగా చీకటి, కొంచెం చీకటి, మధ్యరకం, వెలుతురు. ముందు ఆ మచ్చలు సరిగ్గా పడాలి. మా నాయనమ్మ బుగ్గ ఎముక మీద మెరుపు కనపడాలంటే దాని పక్కన ఛాయ నిండుగా ఉండాల్సిందే. తెల్లగా చేస్తే ఆ మెరుపే ఉండదు.

ముడతలు గీతలు కావు. దగ్గరగా చూస్తే ఒక్కో ముడత ఓ చిన్న నీడ, దాని పక్కనే చిన్న వెలుతురు. గీత గీస్తే ముఖం పగిలినట్టు అవుతుంది. నీడగా వేస్తే వయసు కనిపిస్తుంది.

మీరూ గీయాలనుకుంటే

• ఫొటో ఒరిజినల్ ఫైల్ సంపాదించండి. వాట్సాప్‌లో అయితే 'డాక్యుమెంట్'గా పంపమనండి. పాత ప్రింట్ అయితే పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ని ఫొటోకి సమాంతరంగా పట్టుకుని తీయండి.

• సెల్ఫీ వద్దు. అడుగు దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు అసలు కంటే సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్కగట్టారు. నాలుగైదు అడుగుల దూరం నుంచి, కిటికీ వెలుతురు పక్క నుంచి పడేలా తీసింది మేలు.

• హెచ్‌బీ, 2బీ, 4బీ, 6బీ పెన్సిళ్లు చాలు. బీ ముందు అంకె పెరిగేకొద్దీ మెత్తగా, నల్లగా పడుతుంది. పిండిముద్దలా సాగే నీడెడ్ ఎరేజర్ ఒకటి కొనండి, అది కాగితాన్ని గీకకుండా నలుపుని అద్దుకుని తీస్తుంది.

• గళ్ల గీతలు కనపడీ కనపడనట్టు గీయండి. గట్టిగా గీస్తే తర్వాత చెరిపినా గాడి మిగిలిపోతుంది. ఇది నాకు నుదుటి మీద జరిగింది.

• వేలితో రుద్దకండి. చర్మం మీది జిడ్డు కాగితానికి అంటి మరకలవుతాయి. అరచేతి కింద తెల్ల కాగితం పెట్టుకోండి.

• మధ్యమధ్యలో బొమ్మని అద్దంలో చూడండి. లేదా ఫోన్‌లో ఫొటో తీసి అడ్డంగా తిప్పండి. వంకరలన్నీ ఒక్కసారి కనిపిస్తాయి.

• గీస్తున్నప్పుడు ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి అడగండి. ఫొటోలో లేనిది వాళ్ల దగ్గరే ఉంటుంది.

ఇంకొక్కటి. ఈసారి ఇంటికెళ్లినప్పుడు పెద్దవాళ్లని కెమెరా వైపు చూడమనకండి. వాళ్ల పనిలో వాళ్లుండగా తీయండి. వాళ్లు ఎవరిని చూస్తున్నారో ఆ మనిషిని కూడా ఫ్రేములో ఉండనివ్వండి.

గుమ్మం పైన కాదు

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు బొమ్మ తీసుకుని ఊరెళ్లా. గొప్పగా ఏమీ లేదు. జుట్టు బాగా రాలేదు, చీర మడతలు అట్టలా ఉన్నాయి. నాన్న స్టూలు ఎక్కి స్టూడియో ఫొటో తీయబోయాడు.

"దాన్ని ఉండనీ. దండకీ దణ్ణానికీ అది ఉంటదిలే" అన్నాడు తాతయ్య. "దీన్ని ఇక్కడ పెట్టు."

ఇక్కడ అంటే ఆయన కుర్చీ పక్కన గోడకి, బాగా కింద, నేల నుంచి రెండడుగుల ఎత్తులో. అంత కింద ఎవరు పెడతారని అత్తయ్య అంది. తాతయ్య వినలేదు. నేను మేకు కొట్టా. ఆయన కుర్చీని కొంచెం వెనక్కి, మళ్లీ కొంచెం ముందుకి జరుపుకుని కూర్చున్నాడు. నాయనమ్మ కింది నుంచి పైకి, సరిగ్గా ఆయన ముఖంలోకి చూస్తోంది.

రాత్రి భోజనాలయ్యాక తాతయ్య బిళ్ల వేసుకుని, మంచినీళ్లు తాగి, అటు తిరిగి "వేసుకున్నాలే" అన్నాడు.